రాడార్ చిత్రాలకు కొలమానం: కార్నర్ రిఫ్లెక్టర్ల రూపకల్పన

2025 జూలై 30న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన నిసార్ ఉపగ్రహ రాడార్ మేఘాలు, చీకటి ఉన్నప్పటికీ భూతలాన్ని చిత్రించగలదు. అయితే చిత్రంలోని ప్రకాశాన్ని కచ్చితమైన కొలతగా మార్చనిదే నేలలోని తేమ, అటవీ జీవద్రవ్యరాశి వంటి అంచనాలు విశ్వసనీయం కాజాలవు. ఇందుకై నేలపై నెలకొల్పే ప్రామాణిక లక్ష్యమే కార్నర్ రిఫ్లెక్టర్.

నిర్మాణం: పరస్పరం లంబంగా అమర్చిన మూడు త్రిభుజాకార లోహపు పలకలు రాడార్ తరంగాలను వచ్చిన దిశలోనే తిప్పి పంపుతాయి.

పరిమాణం: తిరిగి వెళ్లే సంకేత బలాన్ని సూచించే రాడార్ క్రాస్ సెక్షన్, పలకల లంబ భుజం పొడవు నాలుగవ ఘాతానికి అనులోమంగాను, తరంగదైర్ఘ్యం వర్గానికి విలోమంగాను ఉంటుంది. 1 మీటరు భుజం గల రిఫ్లెక్టరుకు ఈ విలువ 5.6 సెంటీమీటర్ల సి-బ్యాండ్‌లో సుమారు 1,336 చదరపు మీటర్లు కాగా, నిసార్ వినియోగించే 24 సెంటీమీటర్ల ఎల్-బ్యాండ్‌లో సుమారు 73 చదరపు మీటర్లు మాత్రమే. అందువలన దీర్ఘ తరంగాలకు పెద్ద పలకలు అవసరమవుతాయి.

కచ్చితత్వం: భుజం కొలతలో 1 శాతం దోషం ఫలితంలో సుమారు 4 శాతం దోషమవుతుంది. పలకల మధ్య కోణం 90 డిగ్రీలకు తప్పినా, పలక వంగినా సంకేతం క్షీణిస్తుంది. వర్షపు నీరు నిలువకుండా అడుగున చిన్న రంధ్రం ఉంచుతారు.

అమరిక: రిఫ్లెక్టర్ అక్షం అడుగు పలకకు సుమారు 35.3 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ఆ అక్షం ఉపగ్రహానికి అభిముఖంగా ఉండేలా పరికరాన్ని వంచి, రాడార్ చిత్రంలో చీకటిగా కనిపించే చదునైన పొడి నేలపై నిలుపుతారు.