జావా చెరకు, మంజీర నీళ్లు

మా నాయనమ్మ ఏడాదిని నెలలతో లెక్కపెట్టేది కాదు. "ఆబి నాట్లప్పుడు మీ నాయన పుట్టిండు", "తాబి కోతలప్పుడు మా పెండ్లయింది" అనేది. ఆబి అంటే వానాకాలం వరి, తాబి అంటే యాసంగి వరి. ఆబ్ అంటే పార్సీలో నీళ్లు. నిజాం దఫ్తరు నుంచి ఊళ్లోకి వచ్చిన ఈ రెండు మాటలూ బాన్సువాడ చుట్టూ పల్లెల్లో నిన్న మొన్నటి దాకా ముసలివాళ్ల నోట్లో నలిగాయి. వానలకు ఆబి ఎట్లాగో పండుతుంది. తాబి పండాలంటే ఎండలు ముదిరే దాకా కాలువలో నీళ్లు పారాలి. ఈ ప్రాంతానికి ఆ ధీమా 1931 తర్వాతే వచ్చింది.

అంతకు ముందు ఇక్కడి ఊళ్లకు చెరువే దిక్కు. చెరువు కింద నాలుగు మళ్లు తరి, మిగతాదంతా ఖుష్కి. జొన్న, మొక్కజొన్న, పెసర, కంది పండించుకునేవాళ్లు. తూము తీసేదీ మూసేదీ నీరడి. ఏ మడికి ఎంతసేపు నీళ్లు వదలాలో అతనికే తెలుసు. కల్లంలో వడ్లు తూర్పార పట్టాక కమ్మరి, వడ్ల, కుమ్మరి, చాకలితోపాటు నీరడికీ మేర కొలిచేవాళ్లు. కట్ట మీద మైసమ్మ ఉండేది. కట్ట తెగకుండా చూసే పని ఆమెది. కాలం తప్పినా పట్వారీ, మాలి పటేలు, పోలీసు పటేలు ఉండనే ఉన్నారు. శిస్తు మాత్రం తప్పేది కాదు. వెట్టి కూడా అంతే.

మంజీర మీద అచ్చంపేట దగ్గర నిజాంసాగర్ ఆనకట్ట పని 1923లో మొదలైంది. చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన పుట్టినరోజు జులై 11ను తెలంగాణలో ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. దాదాపు మూడు కిలోమీటర్ల రాతికట్టడం ఎనిమిదేళ్లలో లేచింది. దాదాపు 30 టీఎంసీల జలాశయం, 155 కిలోమీటర్ల ప్రధాన కాలువ, 2.75 లక్షల ఎకరాల ఆయకట్టు. దీని కోసం 40 గ్రామాలు ఖాళీ అయ్యాయి. వాటి బొడ్రాయిలు నీళ్ల కిందికి పోయాయి. నిజాంసాగర్ గొప్పతనం రాసేవాళ్లు ఈ 40 ఊళ్లను ఒక వాక్యంతో దాటేస్తారు. నేనూ అదే చేస్తున్నాను గానీ, చేస్తున్నప్పుడు మనసు ఒప్పుకోవడం లేదు.

బాన్సువాడ కథ రాద్దామని కూర్చున్న నన్ను జావా దాకా తీసుకెళ్లింది చెరకు.

నిజాంసాగర్ నీళ్లు పారిన కొద్ది ఏళ్లకే, 1937లో, బోధన్ పక్కన నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. దాని చుట్టూ లేచిన ఊరికి శక్కర్‌నగర్ అని పేరు పడింది. ఆసియాలోనే పెద్ద చక్కెర మిల్లు అని చెప్పుకునేవాళ్లు. నీళ్లొచ్చాయి, చెరకు వేశారు, మిల్లు పెట్టారు అని మేం బడిలో చదువుకున్నాం. ఆ మిల్లు ఆ ఏళ్లలోనే ఎందుకు పుట్టిందో ఎవరూ చెప్పలేదు. దానికి జవాబు సముద్రం అవతలి పల్లెల్లో దొరికింది.

1920ల్లో మన దేశంలో మిఠాయి కొట్లకూ చాయ్ కొట్లకూ వచ్చే తెల్ల చక్కెరలో పెద్ద భాగం జావాది. ఏటా లక్షల టన్నులు ఓడల్లో దిగేవి. ఇప్పటి ఇండోనేషియాలోని ఆ ద్వీపం అప్పట్లో డచ్చివాళ్ల పాలనలో ఉంది. 1830 నుంచి దాదాపు నలభై ఏళ్లు వాళ్లు అక్కడి రైతుల పొలంలో అయిదో వంతు సర్కారు చెప్పిన పంటకు కేటాయించాలన్నారు. నీలిమందు, కాఫీ, చెరకు ఆ పంటలు. పొలం లేనివాడు ఏడాదికి 66 రోజులు ఊరికే పని చేయాలి. కాగితం మీది లెక్క అది. ఊళ్లో గుంజుకున్నది అంతకంటే ఎక్కువే. వెట్టి అన్న మాట వాళ్ల భాషలో ఏమిటో నాకు తెలియదు గానీ అది తెలియని పల్లె మాత్రం జావాలో లేదు.

1870 తర్వాత నిర్బంధం పోయి కౌలు వచ్చింది. జావా పల్లెను ఒక్కసారి కళ్ల ముందుకు తెచ్చుకుందాం. ఊరిని వాళ్లు దేశ అంటారు. మన సంస్కృత మాటే. కొబ్బరి, అరటి, వెదురు గుబురుల నీడన ఇళ్లు, చుట్టూ మెట్లు మెట్లుగా వరి మళ్లు. ఆ మడిని సావా అంటారు. రైతుకు ఉండేది ఎకరం, మహా అయితే రెండు. ఊళ్లో చాలామందికి అదీ లేదు. మన నీరడి లాంటి మనిషి అక్కడా ఉన్నాడు. అతని పేరు ఉలు-ఉలు. కాలువ నీళ్లు పంచడం అతని కొలువు. పంట దేవత పేరు దేవి శ్రీ. వరి కోసేటప్పుడు ఆడవాళ్లు కొడవలి పట్టేవాళ్లు కాదు. అరచేతిలో దాగే చిన్న కత్తి ఒకటుంది, అని-అని అంటారు. దాంతో ఒక్కో వెన్నునూ విడిగా తెంపేవాళ్లు. పెద్ద కత్తి చూస్తే దేవి బెదిరిపోతుందని నమ్మకం. మా ఊళ్లో కొత్త వడ్ల కుప్ప మీద కాలు పెట్టనివ్వని నాయనమ్మకు ఈ సంగతి చెప్పి ఉంటే వెంటనే అర్థమయ్యేది.

చక్కెర మిల్లు ఊరి పొలాలను వంతుల వారీగా కౌలుకు తీసుకునేది. ఈ ఏడు ఊరి పొలంలో ఒక భాగం చెరకుకు, వచ్చే ఏడు మరో భాగం. చెరకు ఏడాదిన్నర దాకా నేలను పట్టుకుని ఉంటుంది. కౌలు డబ్బు ముందే చేతికొచ్చేది, వచ్చినంత తొందరగానే శిస్తుకు పోయేది. ఇక నీళ్లు. చాలాచోట్ల పగటి నీళ్లు మిల్లు చెరకుకు, రాత్రి నీళ్లు రైతు వరికి. పగలు పారే నీటికి మిల్లు మనుషుల కాపలా ఉంటుంది. చీకట్లో పారే నీటికి రైతే కాపలా. చివరి ఆయకట్టు రైతుకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. వర్ని, కోటగిరి వైపు పిల్ల కాలువల చివరన పొలమున్న ఎవరినడిగినా, కందిలి పట్టుకుని తెల్లవార్లూ తూము కాడ కూర్చున్న రాత్రుల లెక్క చెబుతారు. అటు ఉలు-ఉలు, ఇటు కాలువ నీళ్లు చూసే లష్కరు. వాళ్లను బతిమాలుకునే మాటలు మాత్రం రెండు చోట్లా ఒకటే అయి ఉంటాయి.

1930 నాటికి జావాలో దాదాపు 180 మిల్లులు ఏడాదికి 30 లక్షల టన్నులకు దగ్గరగా చక్కెర తీసేవి. ఆ వెంటనే ప్రపంచమంతటా ధరలు కూలాయి. 1932లో భారత ప్రభుత్వం దేశీ చక్కెరకు రక్షణ చట్టం చేసి, దిగుమతి మీద గట్టి సుంకం వేసింది. అయిదేళ్లలో ఇక్కడ చక్కెర మిల్లులు 30 చిల్లర నుంచి 130 దాటాయి. బోధన్ మిల్లు ఆ ఊపులో పుట్టిందే. అదే అయిదేళ్లలో జావా చక్కెర 5 లక్షల టన్నుల దగ్గరికి పడిపోయింది. మిల్లులు ఒకటొకటిగా చల్లారాయి. కౌలు డబ్బు రాలేదు, చెరకు నరికే కూలి లేదు, బండ్లు తోలే పని లేదు. పొలం రైతు చేతికి తిరిగొచ్చింది, దాంతోపాటు శిస్తు కూడా. శిస్తు డబ్బుగానే కట్టాలి, ఆ డబ్బే ఊళ్లో లేదు. శక్కర్‌నగర్ చిమ్నీ పొగకూ జావాలో ఆరిన పొయ్యిలకూ మధ్య ఇంత దగ్గరి చుట్టరికం ఉందని తెలిసిన రోజు నాకు చాలాసేపు వేరే పని తోచలేదు. మా తాతల తరానికి కూలి దొరికింది. అక్కడ వాళ్లలాంటి వాళ్లకే పోయింది. ఇందులో ఇక్కడి రైతు తప్పు గింజంత లేదు. అక్కడి రైతు తప్పూ లేదు.

ఇంకో సంగతి. బోధన్ మిల్లులో ఆడిన చెరకులోనూ జావా ఉంది. తూర్పు జావా పసురువాన్ పరిశోధన కేంద్రంలో 1921లో పీవోజే 2878 అనే రకం పుట్టింది. తెగుళ్లను తట్టుకుని, దిగుబడిలో అన్నిటినీ దాటేసింది. కోయంబత్తూరు కేంద్రం శాస్త్రవేత్తలు దాన్ని మన రకంతో సంకరం చేసి 1930ల్లో కో 419 తెచ్చారు. దక్షిణాది చెరకు తోటలను దశాబ్దాల పాటు ఏలిన రకం అదే. జావాలో తోటలు బీడుపడుతున్న రోజుల్లో వాటి సంతానం మన దక్కను నేలలో గెడలు తొడిగింది.

నీళ్లొచ్చాక బాన్సువాడ, వర్ని, బీర్కూర్, కోటగిరి వైపు కొత్త మనుషులొచ్చారు. మెట్ట సేద్యానికి అలవాటుపడ్డ స్థానిక రైతులు అంత నీటిని ఒక్కసారిగా వాడుకోలేకపోయారు. డెల్టా సేద్యం తెలిసినవాళ్లు కావాలని నిజాం సర్కారు కోస్తా రైతులను పిలిచింది. కృష్ణా, గుంటూరు, గోదావరి వైపు నుంచి కుటుంబాలు కదిలాయి. కాలువ పొడవునా వాళ్లు వేసుకున్న ఊళ్లను ఇప్పటికీ క్యాంపులనే అంటాం. ఎనభై, తొంభై ఏళ్లయినా, మిద్దెలు లేచినా, మనవలు తెలంగాణ యాసలో మాట్లాడుతున్నా, పేరు క్యాంపే. జావాలోనూ డచ్చి ప్రభుత్వం 1905లో కెడు ప్రాంతం నుంచి కుటుంబాలను సుమత్రాలోని లంపుంగ్‌కు తరలించడం మొదలుపెట్టింది. వాళ్లు అక్కడ తమ పాత ఊరి పేర్లే కొత్త ఊళ్లకు పెట్టుకున్నారు.

క్యాంపుల వాళ్లు కరిగట్టు దున్నడం, వరుసలో నాట్లేయడం, చెరకు కట్టలు కట్టడం ఇక్కడివాళ్లకు చూపించారు. పక్కనే ఒక బాధా మిగిలింది. కాలువ కింద నేల విలువ పెరుగుతుందని ముందే తెలిసినవాళ్లు చవకలో కొన్నారు, తెలియనివాళ్లు అమ్ముకున్నారు. అమ్మిన పొలంలోనే కైకిలికి పోయిన కుటుంబాలున్నాయి. ఈ రెండూ నిజాలే. ఒకటి చెప్పి ఇంకొకటి దాచడం నాకు చేతకాదు.

వరి కథలోనూ జావా తగులుతుంది. 1960ల్లో ఫిలిప్పీన్స్‌లో పుట్టిన ఐఆర్8 తల్లి పేరు పేటా. ఇండోనేషియాలో తయారైన పొడుగు రకం. ఆ పేటాకు జన్మనిచ్చిన రెండు రకాల్లో ఒకటి లతీసాయిల్, మన బెంగాల్ వరి. అంటే బెంగాల్ గింజ ద్వీపానికి పోయి, అక్కడ ఇంకో గింజతో కలిసి, తైవాన్ పొట్టి రకంతో జతకట్టి, 1967లో మళ్లీ మన పొలాలకు చేరింది. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు దాన్ని పండించి చూపి, మిస్టర్ ఐఆర్8 అనిపించుకున్నారు. డెల్టాలో పండిన విత్తనం చుట్టాల సంచుల్లో క్యాంపులకు రావడానికి ఎంతోసేపు పట్టదు. ఇండోనేషియా వాళ్లు ఐఆర్8ను పేటా బారు అన్నారు. కొత్త పేటా అని అర్థం. తల్లి పేరును వాళ్లు వదులుకోలేదు.

కొత్త విత్తనం వెంట ఎరువులొచ్చాయి, ఎరువుల వెంట మందులు. మందు ఎక్కువ కొట్టిన చేలలో సుడిదోమను తినే సాలీళ్లు, మిత్రపురుగులు చచ్చి, అది రెచ్చిపోయింది. 1970ల్లో జావా చేలు వలయాలు వలయాలుగా మాడిపోయాయి. ఇక్కడ దోమపోటు చూసిన రైతుకు ఆ వలయాల సంగతి తెలుసు. 1986లో ఇండోనేషియా వరి మీద 57 రకాల మందులను ఒక్క ఉత్తర్వుతో ఆపింది. మూడేళ్ల తర్వాత రైతులను చేలోనే కూర్చోబెట్టి పురుగులను చూపించి నేర్పే బడులు జావాలో మొదలయ్యాయి. మన వ్యవసాయ శాఖ పొలంబడి అని తెచ్చింది దాన్నే. పేరు మాత్రం అచ్చతెలుగు, మనదే అన్నంత చక్కగా కుదిరింది.

మంజీర ఇప్పుడు మునుపటిలా లేదు. పూడిక చేరి నిజాంసాగర్ సామర్థ్యం 17.8 టీఎంసీలకు, ఆయకట్టు 2.31 లక్షల ఎకరాలకు దిగింది. 1980ల్లో ఎగువన సింగూరు కట్టి, నీళ్లను హైదరాబాద్‌కు మళ్లించాక కాలువ గేట్లు ఎప్పుడు లేస్తాయన్నది ఏటా ఒక పంచాయితీ. 2015-16లో జలాశయం అడుగు కనిపించింది. 2015 డిసెంబరులోనే బోధన్ మిల్లు మూతపడింది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లిన మిల్లు అది. చెరకు వేసినవాళ్లు దూరపు మిల్లులకు లారీలు కట్టుకున్నారు, చాలామంది మళ్లీ వరికే వచ్చారు. 1930ల జావా పల్లె గురించి చదివిన ప్రతిసారీ నాకు శక్కర్‌నగర్ క్వార్టర్ల తలుపులు గుర్తొస్తాయి.

రెండు చోట్లా వయసులో ఉన్నవాళ్లు పరదేశాలకు పోతున్నారు. ఇక్కడి నుంచి మగవాళ్లు దుబాయ్‌లో కట్టడాలకు, జావా పల్లెల నుంచి ఆడవాళ్లు మలేషియా, హాంకాంగ్, అరబ్బు దేశాల్లో ఇంటి పనులకు. రెండు చోట్లా కొత్త స్లాబు ఇల్లు కనిపిస్తే ఎవరో బయట ఉన్నారని లెక్క.

కోతలూ మారాయి. జావాలో ఒకప్పుడు కోతకు ఎవరొచ్చినా కాదనేవాళ్లు కాదు. ఊరి ఆడవాళ్లంతా దిగేవాళ్లు. కోసిన దాంట్లో వాటా, దాని పేరు బావొన్. 1970ల్లో వ్యాపారులు నిలువు పంటను కొని, కొడవళ్లు పట్టిన కొద్దిమందిని దించారు. అని-అని చూరులోకి చేరింది. వాటా పోయింది. వడ్లు దంచే పని మరకు పోయింది. మన దగ్గర ఇంకో అడుగు ముందుకు పడింది. యాసంగి చివర్లో బాన్సువాడ నుంచి వర్ని రోడ్డెక్కితే కోత మిషన్లు వరసగా కనిపిస్తాయి. ఎకరం పొలం గంట, గంటన్నర పని.

మొన్న ఏప్రిల్‌లో ఒక పొలం గట్టు మీద ఆగాను. మిషన్ పోయింది, ట్రాక్టరు వడ్లతో పోయింది. మడి మూలన మిషన్ తిరగలేని చోట, గట్టు పొడవునా, నాలుగైదు వెన్నులు మిగిలాయి. ఒక ముసలామె వంగి వాటిని కోసుకుంటోంది. కొంగులో గుప్పెడు, పక్కన చిన్న సంచి. మనం పరిగె అంటాం. జావాలో ఆ పనిని ఙసక్ అంటారు. "ఎంతవుతుందమ్మా?" అని అడిగాను. "శేరు, రెండు శేర్లు బిడ్డా. కోళ్లకైతయ్" అంది. సంచి భుజాన వేసుకుని, నీళ్లు ఆగిపోయిన పిల్ల కాలువలోకి దిగి, అవతలి మడి వైపు నడిచింది.