వేదికపై నవ్వు.. ఎవరి యాసలో?

ఇబ్రహీంపట్నం: తెలుగు నాటకంలో పద్యం రాజులకు దక్కింది, నవ్వు జనానికి దక్కింది. ఇళ్లలో, వీధుల్లో మాట్లాడుకునే మాటకు రంగస్థలంపై చోటు సంపాదించి పెట్టింది హాస్యమే. ఆ పనికి తొలుత పూనుకున్నది విద్యార్థులు. అందువల్లనే విశ్వవిద్యాలయాల రంగస్థల శాఖలు హాస్య నాటకాలను వరుసగా ప్రదర్శించినప్పుడల్లా ఏ నాటకం ఆడారన్నది ఎంత ముఖ్యమో, అది ఎవరి భాషలో నవ్విస్తోందన్నదీ అంతే ముఖ్యమవుతోంది. రంగారెడ్డి జిల్లాకు ఇది పరాయి ప్రశ్న కాదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం కొలువైన గచ్చిబౌలి, సురభి కళాకారుల కాలనీ రెండూ ఈ జిల్లాలోని శేరిలింగంపల్లి పరిధిలోనివే.

సంస్కృత నాటకంలో రాజు సంస్కృతం పలికితే, విదూషకుడు ప్రాకృతం పలికేవాడు. తెలుగులోనూ ఇంచుమించు అదే జరిగింది. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం రచించిన ‘వ్యవహార ధర్మబోధిని’ని ఆయన విద్యార్థులే ప్రదర్శించారు. కోర్టు పక్షుల, వకీళ్ల టక్కరితనాన్ని వాడుక మాటల్లో ఎండగట్టిన ప్రహసనమది. తెలుగు రంగస్థలానికి అక్కడే అంకురార్పణ జరిగిందని పలువురు చరిత్రకారుల అభిప్రాయం.

ఆ తరువాత వచ్చింది గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’. 1892 ఆగస్టు 13న విజయనగరంలో తొలి ప్రదర్శన, 1897లో తొలి ముద్రణ, 1909లో ఏడంకాలకు పెరిగిన మలి కూర్పు. దానిని పూర్తిగా ఆడాలంటే ఒక రాత్రి చాలదు. కత్తిరించక తప్పదు. చిక్కంతా అక్కడే. గిరీశం డాబు కబుర్లు, రామప్పంతులు ఇంటి రభస మిగిల్చి, ముసలి వరునికి అమ్ముడుపోబోయే సుబ్బిని, పసుపుకుంకాలు పోగొట్టుకున్న బుచ్చమ్మను పక్కకు నెడితే ప్రేక్షకులు నవ్వుతారు గానీ నాటకం మిగలదు. కళాశాలల్లో తరచుగా జరిగే పొరపాటు ఇదే.

1897లోనే మద్రాసు క్రిస్టియన్ కళాశాల పండితుడు వేదం వేంకటరాయశాస్త్రి ‘ప్రతాపరుద్రీయం’ వెలువరించారు. పాత్రకు తగిన భాష ఉండాలన్నది ఆయన వాదం. కథ కాకతీయుల ఓరుగల్లుది. సేవకుల నోట పలికినది మాత్రం ఓరుగల్లు యాస కాదు. అనంతర కాలంలో హాస్యబ్రహ్మగా పేరొందిన భమిడిపాటి కామేశ్వరరావు ఫ్రెంచి నాటకకర్త మోలియర్‌ను గోదావరి తీరపు నుడికారంలోకి తెచ్చారు. 1940ల్లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అబ్బూరి రామకృష్ణరావు, రిజిస్ట్రార్ కె.వి. గోపాలస్వామి నాటక ప్రయోగాలకు, కళాశాలల పోటీలకు ఊపిరి పోశారు. ఇవన్నీ కోస్తా ముచ్చట్లే.

తెలంగాణలో హాస్యానికి కొదవ ఉందా అంటే, లేదు. చిరిగిన ఖాకీ కోటు, టోపీ, కర్ర తుపాకీతో ఊళ్లోకి వచ్చి లేని ఆస్తులను ఏకరువు పెట్టే పిట్టలదొర, చిందు యక్షగానంలో కథను ఆపి మరీ నవ్వించే బుడ్డర్‌ఖాన్ ఇక్కడివారే. వాకిట్లోనే ఆట, చూసేవారితోనే మాటకు మాట. వీరి హాస్యం అచ్చు పుస్తకాల్లోకి రావడం ఆలస్యమైంది. మరోవైపు సినిమాలు చాలాకాలం ఈ యాసను రౌడీకో, పనివాడికో అంటగట్టాయి. యాసతో నవ్వించడం వేరు, యాసను చూసి నవ్వడం వేరు.

ఈ లోటును కొంత తీర్చినది సురభి. కన్నడ రంగస్థల దిగ్గజం బి.వి. కారంత్ 1990ల్లో ఆ కళాకారులతో ‘బస్తీ దేవత యాదమ్మ’ ఆడించారు. జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ రాసిన సెజువాన్ కథను హైదరాబాద్ బస్తీకి దింపిన ప్రదర్శన అది. పౌరాణికాల మాయాజాలానికి పేరుపడిన సురభి వేదికపై బస్తీ మనిషి కథానాయిక కావడం చిన్న సంగతేమీ కాదు.

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు పేరిట కళల విభాగం 1988లో మొదలై, కొంతకాలం నాంపల్లి సమీపంలోని ఆమె నివాసం గోల్డెన్ థ్రెషోల్డ్‌లో నడిచింది. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయంలోనూ రంగస్థల కళల శాఖ ఉంది. వరంగల్‌లోని జానపద పీఠమూ దానిదే. 2025లో ఆ విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు. ‘గోలకొండ’ పత్రికా సంపాదకునిగానే ఆయనను ఎరిగిన వారెక్కువ. ‘ఉచ్ఛల విషాదము’, ‘భక్త తుకారాం’ నాటకాలూ ఆయనవే. ఒకే గొడుగు కింద రంగస్థలమూ, జానపదమూ ఉన్నప్పుడు బుడ్డర్‌ఖాన్ పాఠ్యాంశంగా మిగిలిపోక వేదిక ఎక్కాలని కోరడం అత్యాశ కాబోదు.

ఇబ్రహీంపట్నం విద్యార్థికి ఈ ప్రదర్శనలు అందడం మాత్రం కష్టమే. గచ్చిబౌలి జిల్లాలోనిదే అయినా నగరానికి ఆ కొసన ఉంది. సాయంత్రం నాటకం చూసి సాగర్ రోడ్డు పట్టి ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి సమీపిస్తుంది, ఆడపిల్లలకైతే అది కుదరని పని. హాస్య నాటికకు భారీ తెరలు, కిరీటాలు అక్కర్లేదు. రెండు బల్లలు, నలుగురైదుగురు నటులు, ఒక కళాశాల ఆవరణ చాలు. నగరంలో ఆడిన నాటకాన్నే మరుసటి వారం మండల కేంద్రంలో పగటిపూట ఆడటానికి పెద్ద ఖర్చు కాదు. నటనను చదువుగా ఎంచుకోదలచినవారికి ఈ విశ్వవిద్యాలయాల్లో పీజీ కోర్సులున్నాయి; సాధారణ డిగ్రీ చదివినవారూ వాటికి దరఖాస్తు చేయవచ్చు.