ఏఐ ఏజెంట్ల సాధనాలు: వివరణ, మూల్యాంకనం

ఏఐ ఏజెంటు తనంతట తాను ఫైలు తెరవలేదు, డేటాబేసులో వెతకలేదు. ఆ పనులు చేసిపెట్టే సాఫ్ట్‌వేర్ సాధనాలను పిలుస్తుంది. ఏఐ సంస్థ ఆంత్రోపిక్ 2024 నవంబరులో విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే ప్రమాణంలో సాధనానికి ఒక పేరు, మామూలు భాషలో వివరణ, ఇవ్వాల్సిన విలువల నమూనా ఉంటాయి. నమూనాను జేసన్ స్కీమాలో రాస్తారు.

వీటిలో వివరణే కీలకం. తేదీ ఏ రూపంలో ఇవ్వాలి, ఫలితం దొరక్కపోతే ఏం వస్తుంది, ఈ సాధనం ఏ పనికి పనికిరాదు అన్నవి రాయకపోతే ఏజెంటు తరచూ ఊహించి పూరిస్తుంది. ఒక్కోసారి సాధనాన్నే మార్చడం ఇంకా మేలు. ఫోల్డరు మారాక ఏజెంటు ఫైలు దారులను తప్పుగా ఇస్తోందని గమనించిన ఆంత్రోపిక్ ఇంజనీర్లు, ఎప్పుడూ పూర్తి దారినే ఇవ్వాలని సాధనాన్ని సవరించారు. ఆ తప్పులు ఆగిపోయాయి.

మూల్యాంకనంలో సరైన సాధనాన్ని ఎంచుకుందా, సరైన విలువలు ఇచ్చిందా అని చూడటం మొదటి మెట్టు. బర్క్‌లీ ఫంక్షన్ కాలింగ్ లీడర్‌బోర్డు దీన్ని కొలుస్తుంది. 2024లో సియెరా సంస్థ రూపొందించిన టౌ-బెంచ్, సంభాషణ ముగిశాక డేటాబేసు ఉండాల్సిన స్థితిలో ఉందా అని చూస్తుంది. ఒకే పనిని పలుమార్లు చేయించి అన్నిసార్లూ నెగ్గిందా అనీ లెక్కిస్తుంది. టికెట్ల రద్దు, డబ్బు వాపసు వంటి పనులకు ఇలా అన్నిసార్లూ నెగ్గడాన్ని చూసే కొలతే ముఖ్యం.