నవ్వుకు మార్కులు వేసేది ఎవరు?

ఈ ఎపిసోడ్ కామారెడ్డి బస్టాండ్‌ల మొదలైంది. మా చిన్నమ్మ బిడ్డ బీడీఎస్ మూడో ఏడాది చదువుతుంది. పండక్కి ఇంటికి పోదామని ఇద్దరం ఎల్లారెడ్డి బస్సు కోసం నిలబడ్డం. ఎదురుంగ నగల షాపు ఫ్లెక్సీ, దాని మీద ఒకామె నవ్వుతుంది. "మస్తుంది కదా నవ్వు" అన్న. మా చెల్లె ఒక్క చూపు చూసి, "మిడ్‌లైన్ పక్కకు పోయింది అన్నా, చిగుళ్ళు కూడా ఎక్కువ కనబడుతున్నయ్" అన్నది.

మూడేండ్ల కింద ఇదే పిల్ల ఇట్లాంటి ఫ్లెక్సీలు చూసి మురిసిపోయేది. మరి మారింది నవ్వా, కన్నా?

ఇంటికొచ్చి దీని చరిత్ర తవ్విన. డెంటల్ కాలేజీలల్ల "మంచి నవ్వు" అని నేర్పే కొలతలు ఎక్కడివి? అందులో ముఖ్యమైన ఒక అధ్యయనం 1984ల వచ్చింది. అమెరికాల త్యాన్, ఆయన తోటివాళ్ళు 454 మంది నవ్వుల ఫోటోలు తీసి కొలిచిన్రు. సుమారు 69 శాతం మందికి పై ముందు పండ్లు దాదాపు మొత్తం కనబడ్డయ్. దాన్ని "సగటు నవ్వు" అన్నరు. చిగుళ్ళు కూడా బయటపడే నవ్వు 11 శాతం లోపే. ఇంతకీ ఆ 454 మంది ఎవరు? 20 నుంచి 30 ఏండ్ల మధ్య ఉన్న డెంటల్ విద్యార్థులు, డెంటల్ హైజీన్ విద్యార్థులు! అంటే కొలిచే చదువు వాళ్ళదే, కొలతకు దొరికిన మొహాలూ వాళ్ళవే. అందులో మన బీడీలు చుట్టే అక్కలు లేరు, పొలం పనికి పోయే అవ్వలు లేరు.

ఇంకోటి, గోల్డెన్ రేషియో. ముందు పండ్ల వెడల్పులు 1.618 లెక్కన ఉంటే అందం అని 1978ల లెవిన్ రాసిండు. 1993ల ప్రెస్టన్ నిజం మనుషుల పండ్లు కొలిస్తే, ముందు పన్నుకూ దాని పక్క పన్నుకూ మధ్య ఆ లెక్క కలిసింది 17 శాతం మందికే. నేను బీటెక్ చదివినోణ్ణి కదా, ఇట్ల డేటా మోడల్‌కు సరిపోకపోతే మేము మోడల్‌నే అనుమానిస్తం. ఇక్కడ మాత్రం మనుషుల పండ్లనే అనుమానిస్తున్నరు.

అన్నిటికన్నా నన్ను ఆపింది 1999 నాటి కోకిచ్ అధ్యయనం. ఫోటోలల్ల పండ్లను కావాలని కొంచెం కొంచెం జరిపి, ఆర్థోడాంటిస్టులకు, మామూలు డెంటిస్టులకు, మనలాంటోళ్ళకు చూపించిన్రు. పై పండ్ల నడిమి గీత 4 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే ఆర్థోడాంటిస్టులు పట్టుకున్నరు. మామూలు డెంటిస్టులు, జనం పట్టుకోలేదు. అంటే మనం అద్దం ముందు నిలబడి బాధపడే వంకరల్ల కొన్ని ఎదుటోళ్ళ కంటికి ఆననే ఆనయ్.

అసలు తెల్ల పండ్లే అందం అన్నది కూడా అన్నిచోట్లా, అన్ని కాలాలల్ల లేదు. జపాన్‌ల పెళ్ళయిన ఆడోళ్ళు పండ్లు నల్లగా చేసుకునేది. 1870ల అక్కడి సర్కారు పెద్దింటోళ్ళకు అది బంద్ చేసింది. 1873ల మహారాణి తెల్ల పండ్లతో జనం ముందుకు వచ్చింది, ఇగ ఆ ఫ్యాషన్ తగ్గుకుంట పోయింది. మన దక్కన్‌ల కూడా మిస్సీ అనే నల్లపొడి ఒకప్పుడు సింగారమే.

ఇగ బస్సు కథ. మా ముందు సీట్ల ఒక పెద్దమ్మ, నవ్వొచ్చినప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. పండ్ల మీద గోధుమరంగు మరకలు. ఈసారి మా చెల్లె మార్కులు వెయ్యలే. "చిన్నప్పుడు ఏ బోరు నీళ్ళు తాగినవ్ పెద్దమ్మా?" అని అడిగింది.

ఆ ప్రశ్న వెనుక పెద్ద చరిత్ర ఉంది. 1901ల అమెరికాల కొలరాడో స్ప్రింగ్స్‌కు వచ్చిన మెకే అనే డెంటిస్టు, ఊరోళ్ళ పండ్ల మీద మరకలు చూసి కారణం వెతకడం మొదలుపెట్టిండు. నీళ్ళల్ల ఫ్లోరైడ్ అని తేలేసరికి 1931 వచ్చింది. మన దేశంల మొదటి రిపోర్టులు 1937ల మద్రాస్ ప్రెసిడెన్సీ నుంచి, ఇప్పటి ప్రకాశం వైపు తెలుగు పల్లెల నుంచే వచ్చినయ్. నల్గొండ గురించి సిద్దీఖీ 1955ల బ్రిటిష్ మెడికల్ జర్నల్‌ల రాసిండు. అక్కడ పండ్ల దగ్గర ఆగలే, ఎముకలు వంగిపోయినయ్.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఫ్లోరైడ్ మరక పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడే, అంటే ఎనిమిదేండ్ల లోపు పడుతది. సరిగ్గా తోముకోకపోవడం వల్ల వచ్చేది కాదు. బొగ్గు, ఉప్పు పెట్టి రుద్దితే మరక పోదు, పన్నే అరుగుతది. పెళ్ళిచూపులల్ల నోరు మూసుకొని కూసున్న పిల్లది తప్పేం లేదు, తప్పు నీళ్ళది.

దిగేటప్పుడు మా చెల్లె అన్నది: "రోగం పట్టుకోవడానికి నాకు ఈ కన్ను కావాలె అన్నా. కానీ నవ్వు బాగుందా లేదా అన్నది ఆమె అడిగితేనే చెప్పాలె." ఫిల్టర్ పెట్టి పండ్లు తెల్లగా చేసుకునే మనందరికీ ఆ మాట పనికొస్తది. మరి మీరు ఫోటోల పండ్లు కనబడేటట్టు నవ్వుతరా, దాచుకుంటరా? కామెంట్‌ల చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌ల కలుద్దాం. ఉంట మరి.