‘గివ్ అప్’ అను మాట పూర్వోత్తరములు

ఆంగ్లము నేర్చిన మనవారికి బరువైన లాటిను పదములు అంతగా భయము గొల్పవు. నిఘంటువు తెరచినచో వాని అర్థము దొరకును. మనలను మోసపుచ్చునవి చిన్న మాటలే. ‘గివ్’ అనగా ఇచ్చుట, ‘అప్’ అనగా పైకి. రెండును కూడినచో ‘పైకి ఇచ్చుట’ కావలెను గదా!

మేము వార్తల అనువాదమునకు కొత్తగా వచ్చిన దినములలో ఒక పెద్దమనిషి అస్వస్థతను గూర్చిన వార్త వచ్చినది. వైద్యులు ఆయనను ‘గివ్ అప్’ చేసిరని అందులో ఉన్నది. మాలో ఒకరు ‘వైద్యులు ఆయనను అప్పగించిరి’ అని తెనిగించిరి. ఎవరికి అప్పగించిరని పెద్దలొకరు అడుగువరకు మాకెవరికిని సందేహము కలుగలేదు. వైద్యులు ఆశ వదలుకొనిరని దాని భావము. ప్రసారమునకు ముందే కాగితము దిద్దబడినది కాని, లేకున్న ఆ ఇంటివారికి ఎంత మనస్తాపము కలిగెడిదో! ఈ మాట పుట్టుక తెలియవలెనను కోరిక మాకు నాడు కలిగినది.

చిత్రమేమనగా, ‘అప్పగించుట’ అనునదియే దీని పాత అర్థము. ఇంగ్లండులోని పీటర్‌బరో మఠము 1116లో అగ్నికి ఆహుతి కాగా, అచ్చటి సన్న్యాసులు తమ దేశ వృత్తాంతమును వేరొక ప్రతి చూచి తిరిగి వ్రాసికొని, 1154 వరకు సాగించిరి. 1127లో మొదటి హెన్రీ రాజు తన బంధువగు మరియొక హెన్రీకి ఈ మఠాధిపత్యమును కట్టబెట్టెను. ఆయనకు ఫ్రాన్సులో అంతకుమునుపే ఒక మఠము కలదు. పీటర్‌బరో లేఖకునకు ఈ క్రొత్త అధిపతి బొత్తిగా గిట్టలేదు. తేనెటీగలు కూడబెట్టినదంతయు మ్రింగు పోతుటీగతో ఆయనను పోల్చినాడు. 1132లో ఆయన ఈ మఠమును ఫ్రాన్సులోని క్లూనీ మఠమునకు లోబరచ జూచుచున్నాడని రాజునకు తెలిసెను. రాజు ఆయనచేత మఠమును ‘గివ్ అప్’ చేయించి, దేశము వెడలగొట్టెను. లేఖకుడు వాడిన క్రియ ఇదియే. అందులో త్యాగమేమియు లేదు. ఇష్టములేని అప్పగింత అది.

కోటను, పదవిని శత్రువునకు అప్పగించినట్లే ప్రాణమునుగూడ అప్పగింపవచ్చును. 1611 నాటి బైబిలు అనువాదములో మరణమును ‘గోస్ట్‌ను గివ్ అప్ చేయుట’గా చెప్పిరి. ఆ ‘గోస్ట్’ దయ్యము కాదు, ఆత్మ. పిమ్మట మాట లోపలికి తిరిగినది. రోగిపై ఆశ వదలుట, పొగత్రాగుట మానుట, పొడుపుకథకు ఓటమి నొప్పుకొనుట, అన్నియు దీనిలో చేరినవి. దొంగ తన్ను తాను ‘గివ్ అప్’ చేసికొన్నచో పోలీసులకు లొంగినట్లు.

ఉపసర్గ ధాతువు నర్థాంతరమునకు లాగుకొనిపోవుట మనకు క్రొత్త కాదు. ఒక్క ‘హృ’ ధాతువునుండియే ఆహారము, విహారము, ప్రహారము, సంహారము వచ్చినవి. వేదభాషలో ఉపసర్గ క్రియకు దూరముగ నిలువగలదు. తరువాతి సంస్కృతములో అది క్రియకు అతుక్కొనినది. ఆంగ్లము దీనికి ఎదురునడక నడచినది. ప్రాచీనాంగ్లమున క్రియకు ముందు అతికియున్న ఉపసర్గలు పెక్కు అంతరించగా, వాని పనిని వెనుక నిలుచు ‘అప్’, ‘అవుట్’, ‘ఆఫ్’ వంటి విడిమాటలు చేపట్టినవి.

పరదేశీయులకు ఆంగ్లములో మిక్కిలి కష్టమైనవి ఇట్టి జంటలేయని శామ్యూల్ జాన్సన్ 1755లో తన నిఘంటువు పీఠికయందే ఒప్పుకొనెను. మనకది కొంత ఊరట. వీనికి ‘ఫ్రేజల్ వెర్బ్’ అను పేరు మాత్రము 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ గ్రంథములో కనిపించినది. ఆ పేరు సూచించినది నిఘంటుకారుడు హెన్రీ బ్రాడ్లీ యని స్మిత్ చెప్పెను.

శ్రోతల యింట రేడియోపెట్టె ఒకనాడు మూగవోయినచో, ఆంగ్లము తెలిసిన మిత్రుడు అది ‘గోస్ట్‌ను గివ్ అప్ చేసినద’నవచ్చును. దయ్యము వదలినదని సంతోషింపక, బాగుచేయువానిని పిలిపింపవలెను.