స్లీపర్ రైలులో కిటికీ దృశ్యాలు చూడాలంటే.. ఏ బెర్తు అడగాలి? ఏ వైపు కూర్చోవాలి?

సికింద్రాబాద్ నుంచి హౌరా వెళ్లే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో మీకు లోయర్ బెర్తు దొరికింది. రాజమండ్రి దగ్గర గోదావరిని కిటికీలోంచి చూడొచ్చని అనుకున్నారు. కానీ ఆ రైలు గోదావరి దాటేది రాత్రిపూట. చీకట్లో వంతెన చప్పుడు వినడం తప్ప ఏమీ కనిపించదు. అదే రైలు ఒడిశాలో చిలికా సరస్సు పక్క నుంచి వెళ్లే సమయానికి తెల్లవారి ఉంటుంది. చెన్నై నుంచి షాలిమార్ వెళ్లే కోరమాండల్‌లో దీనికి పూర్తిగా రివర్స్. గోదావరి పగటి వెలుగులో, చిలికా చీకట్లో.

అందుకే టికెట్ బుక్ చేసేటప్పుడు ముందు చూడాల్సింది బెర్తు కాదు, టైమ్ టేబుల్. మీరు చూడాలనుకున్న చోటికి ముందు, వెనక ఉన్న రెండు స్టేషన్లలో రైలు ఎన్ని గంటలకు ఆగుతుందో చూసుకోండి. విశాఖ–కిరండూల్ మార్గంలో పగటి రైలు, రాత్రి రైలు రెండూ ఉన్నాయి. అరకు కొండలు, సొరంగాలు చూడాలంటే పగటి రైలే ఎక్కాలి. వేళలు మారుతుంటాయి కాబట్టి పాత టికెట్‌నో, ఎవరో చెప్పిన మాటనో నమ్ముకోవద్దు. రిజర్వేషన్ 60 రోజుల ముందే మొదలవుతుంది. రైలు ఎంచుకోవడానికి తీరిక ఉంటుంది.

బెర్తు నంబరును బట్టి కిటికీ

మీ బెర్తు నంబరును 8తో భాగించండి. శేషం 1 లేదా 4 వస్తే లోయర్, 2 లేదా 5 అయితే మిడిల్, 3 లేదా 6 అయితే అప్పర్. 7 వస్తే సైడ్ లోయర్, శేషం ఏమీ మిగలకపోతే సైడ్ అప్పర్. ఉదాహరణకు 39 సైడ్ లోయర్, 40 సైడ్ అప్పర్.

పగటిపూట లోయర్ బెర్తు మీద ముగ్గురు కూర్చుంటారు. అందులో కిటికీ పక్క చోటు ఒక్కటే. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నిద్ర సమయం. అప్పుడు మిడిల్ బెర్తు ఎత్తి వేసి ఉంటుంది కాబట్టి, తెల్లవారుజామున మెలకువ వచ్చినా లోయర్ బెర్తులో నిటారుగా కూర్చోలేరు. పడుకునే తొంగి చూడాలి.

సైడ్ బెర్తుల సంగతి వేరు. పగలు సైడ్ లోయర్‌ను రెండు విడి సీట్లుగా మార్చుకుంటే రెండింటికీ కిటికీ ఉంటుంది. అంటే సైడ్ అప్పర్ వచ్చినవారికీ పగటిపూట కిటికీ పక్కన చోటు దొరుకుతుంది. చాలామంది ఈ విషయం తెలియక సైడ్ అప్పర్ అనగానే నిరాశపడతారు. కింద ఇద్దరు ఆర్‌ఏసీ ప్రయాణికులు ఉంటే మాత్రం ఆ అవకాశం దాదాపు పోయినట్టే. ఇక సైడ్ లోయర్ రైలు పొడవునా కిటికీల వెంబడే ఉంటుంది. పైన మిడిల్ బెర్తు ఉండదు. ఐదు గంటలకే లేచి, ఎవరినీ లేపకుండా తెల్లవారడం చూడొచ్చు. పొడవైన మనిషికి కాళ్లు ముడుచుకోవాల్సి వస్తుంది, నడిచే వాళ్ల భుజాలు తగులుతుంటాయి. అయినా దృశ్యాల కోసమైతే మా ఓటు దానికే.

బుకింగ్‌లో సైడ్ లోయర్ అని కోరుకోవచ్చు గానీ, ఖాళీని బట్టే ఇస్తారు. 60 ఏళ్లు దాటిన పురుషులకు, 45 ఏళ్లు దాటిన మహిళలకు లోయర్ బెర్తుల కోటా ఉంది. మీ పక్కన పెద్దవాళ్లు ఉంటే కిటికీ కోసం వాళ్ల లోయర్ బెర్తు అడగకండి. పగలు కాసేపు చోటు మార్చుకుంటారా అని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.

కుడి, ఎడమ తారుమారు

1 నుంచి 6 వరకు బెర్తులు బోగీకి ఒక వైపు, 7, 8 రెండో వైపు ఉంటాయి. అయితే ఆ వైపు కుడా, ఎడమా అన్నది బోగీని ఎటు తిప్పి తగిలించారన్న దాన్ని బట్టి ఉంటుంది. టికెట్ చూసి చెప్పలేం. పైగా కొన్ని స్టేషన్లలో ఇంజన్ రెండో చివరకు మారుతుంది. విశాఖపట్నంలో ఆగి హౌరా వైపు వెళ్లే రైళ్లకు ఇలాగే జరుగుతుంది. అక్కడిదాకా ఎడమవైపు ఉన్న మీ కిటికీ, విశాఖ దాటాక కుడివైపు అవుతుంది. నగరంలోకి రాకుండా దువ్వాడ మీదుగా నేరుగా వెళ్లిపోయే రైళ్లలో ఈ మార్పు ఉండదు.

హౌరా వైపు వెళ్తుంటే చిలికా కుడిచేతి వైపు వస్తుంది. అంటే విశాఖలో దిశ మారే రైల్లో, సికింద్రాబాద్‌లో ఎక్కినప్పుడు ఎడమవైపు ఉన్న కిటికీ మీకు కావాలి. ఉదయం ఎండ కూడా ఆ వైపే పడుతుంది, కాబట్టి ఫొటోల్లో నీళ్లు తెల్లగా మెరిసిపోతే ఫోన్‌ను తప్పు పట్టకండి.

ఏసీ బోగీల అద్దాలు తెరుచుకోవు, రంగు అద్దాలు కూడా. స్లీపర్‌లో షట్టర్ పైకెత్తితే అడ్డం ఊచలే. ఫోన్‌ను ఊచల లోపలే పట్టుకోండి. రైలు నెమ్మదించిన చోట బయటి నుంచి లాక్కునేవాళ్లు ఉంటారు. తలుపు దగ్గర ఫుట్‌బోర్డు మీద నిలబడి చూడటం రైల్వే చట్టం 156వ సెక్షన్ కింద నేరం. మూడు నెలల వరకు జైలు లేదా 500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ప్రయాణంలో ఇబ్బంది ఎదురైతే 139కి ఫోన్ చేయండి.

ఫలక్‌నుమాలో వెళ్తుంటే బ్రహ్మపుర్ దాటాక కుడివైపు కిటికీ దగ్గరికి చేరండి. రంభ నుంచి బాలుగావ్ దాకా సరస్సు చెట్ల మధ్య కనిపిస్తూ, మాయమవుతూ ఉంటుంది.