పార్కర్స్‌బర్గ్ నీటిలో సి8

అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో, ఒహాయో నది ఒడ్డున పార్కర్స్‌బర్గ్ పట్టణం ఉంది. దానికి దగ్గరలోని డ్యూపాంట్ కర్మాగారంలో టెఫ్లాన్ తయారీకి 1951 నుంచి పీఎఫ్‌ఓఏ అనే రసాయనం వాడారు. అణువులో ఎనిమిది కర్బన పరమాణువులు ఉండటంతో దానికి సి8 అనే పేరు వచ్చింది. కర్బనానికీ ఫ్లోరిన్‌కూ మధ్య బంధం ఎంత గట్టిదంటే, ఎండకూ నీటికీ మట్టిలోని సూక్ష్మజీవులకూ అది విడదు. టెఫ్లాన్ పెనానికి ఏదీ అంటకపోవడానికి కారణం ఆ బంధమే. సి8 నేలలోనూ నెత్తురులోనూ ఏళ్ల తరబడి నిలిచిపోవడానికీ అదే కారణం. ఇలాంటి వేల రసాయనాలకు ఉమ్మడి పేరు పీఎఫ్‌ఏఎస్. జనం నోట అవి ఫరెవర్ కెమికల్స్.

1976లో అమెరికా విషపదార్థాల నియంత్రణ చట్టం తెచ్చింది. అప్పటికే వాడుకలో ఉన్న, సి8 సహా సుమారు 60,000 రసాయనాలను ఏ పరీక్షా అడగకుండా యథాతథంగా సాగనిచ్చింది. అసలు లోపం ఇక్కడే ఉంది. ప్రమాదం బయటపడితే కంపెనీయే వచ్చి చెప్పాలన్నది నియమం. ఎలుకల కాలేయం సి8 వల్ల పెరుగుతోందని డ్యూపాంట్ పరిశోధకులకు 1961కే తెలుసు. 1981లో గర్భిణీ కార్మికురాలి నుంచి బిడ్డకు అది చేరినట్టు బొడ్డుతాడు రక్తంలో కనిపించింది. 1984లో చుట్టుపక్కల ఊళ్ల కుళాయి నీటిలోనూ దొరికింది. ఊరివాళ్లు మాత్రం ఏమీ తెలియక ఆ నీళ్లే తాగుతూ వచ్చారు.

విషయాన్ని బయటకు లాగింది అధికారులు కాదు, విల్బర్ టెనెంట్ అనే రైతు. కంపెనీ చెత్త పూడ్చిన స్థలం నుంచి వచ్చే వాగు నీళ్లు తాగి తన పశువులు చనిపోతున్నాయని, ఆ దృశ్యాలను వీడియో తీసి పెట్టుకున్నాడు. 1998లో ఆయన రాబ్ బిలాట్ అనే న్యాయవాదిని ఆశ్రయించాడు. అంతవరకూ రసాయన కంపెనీల తరఫున పనిచేసిన బిలాట్, కోర్టు ద్వారా వచ్చిన కంపెనీ కాగితాలను చదివి, 2001లో పర్యావరణ పరిరక్షణ సంస్థకు, అంటే ఈపీఏకు, 972 పేజీల లేఖ పంపాడు. తెలిసిన సమాచారాన్ని దాచిందన్న అభియోగంపై 2005లో డ్యూపాంట్ 1.65 కోట్ల డాలర్లకు రాజీ పడింది.

దానికన్నా విలువైనది ఊరివాళ్లు వేసిన దావాలో 2004లో కుదిరిన ఒప్పందం. రక్తం ఇచ్చి ఆరోగ్య వివరాలు చెప్పినవారికి 400 డాలర్లు ఇవ్వడంతో సుమారు 69,000 మంది ముందుకొచ్చారు. ఆ రక్తం, ఆ వివరాల ఆధారంగా, మూత్రపిండ, వృషణ క్యాన్సర్లు సహా ఆరు వ్యాధులతో సి8కు సంబంధం ఉండే అవకాశమే ఎక్కువని ముగ్గురు నిపుణుల సంఘం 2012కల్లా తేల్చింది.

తర్వాత ప్రభుత్వం అంకెలు మార్చుకుంటూ పోయింది. లీటరు తాగునీటిలో పీఎఫ్‌ఓఏ 400 నానోగ్రాములు దాటకూడదని 2009లో ఈపీఏ సలహా ఇచ్చింది. 2016లో పీఎఫ్‌ఓఎస్ అనే మరో పీఎఫ్‌ఏఎస్‌తో కలిపి 70 అంది. 2024 ఏప్రిల్‌లో పీఎఫ్‌ఓఏకు విడిగా 4 అంది. దేశమంతటా తప్పనిసరిగా పాటించాల్సిన మొదటి పరిమితి అదే. ఈలోగా 2019లో స్టాక్‌హోమ్ అంతర్జాతీయ ఒప్పందం పీఎఫ్‌ఓఏను నిర్మూలించాల్సిన రసాయనాల జాబితాలో చేర్చింది. 2025 మేలో ఈపీఏ ఆ 4 అంకెను ఉంచి, అమలు గడువును 2029 నుంచి 2031కి జరుపుతామని, మరికొన్ని పీఎఫ్‌ఏఎస్‌ల పరిమితులను ఉపసంహరిస్తామని ప్రకటించింది. ఉపసంహరించదలచిన వాటిలో జెన్‌ఎక్స్ ఒకటి. సి8ను మానేస్తూ దాని స్థానంలో డ్యూపాంట్ తెచ్చిన రసాయనం అదే.